ముడత పడని టోపి

గిన్నె గాదు బిడ్డా అది. ఫోన్ల నా వెనక అల్మారల బోర్లిచ్చి కనవడ్డది గదా, అందుకే నీకు గట్ల అనిపిచ్చింది. అది టోపి. బొగ్గు బాయిల దిగేటోళ్లు నెత్తికి పెట్టుకునే టోపి చేద్దామని చేసింది. ఒక్కల నెత్తి మీదికి గూడ ఎక్కలేదు. లోపల పసుపు మరక ఏందని మీ తమ్ముడు అడిగిండు. దానికి జవాబు చెప్పేలోపట మీ అమ్మ అన్నం సల్లారుతుందని ఫోన్ పెట్టేసింది. అందుకే గిట్ల ఒక్కదాన్నే కూసోని మాట్లాడి పంపుతున్న. మీరు పూణెల, నేను జనగామల. తీరువాటంగ వినుండ్రి.

నేను గట్టిగ మాట్లాడ. నాకు రాదు. ఆ టోపి చేసిన ఏండ్లల్ల గూడ రాకుండె. అందరు నా మీద గట్టిగ మాట్లాడిండ్రు, నేను మెల్లగ జవాబు చెప్పిన. మెల్లగ చెప్పినంత మాత్రాన నాకు కోపం లేదని గాదు.

ముందుగాల ఆ టోపి సంగతి. గాజును వెంట్రుక కంటె సన్నగ తీసి బట్ట నేస్తరు. ఆ బట్టకు ప్లాస్టిక్ పట్టిస్తరు. సల్లగున్నప్పుడు అది రేకు లెక్క గట్టిగుంటది. బాగ కాలిస్తే లోపలి ప్లాస్టిక్ పాకం అయితది, రేకంత తడిసిన అట్ట తీర్గ వాలిపోతది. అప్పుడే అచ్చుల పెట్టి నొక్కి సల్లారేదాంక ఆగితె ఆ ఆకారం నిలుస్తది. మల్ల కాలిస్తే మల్ల మెత్తబడ్తది, మైనం లెక్క. ఉడికిన గుడ్డు మల్ల పచ్చిగాదు సూడు, ఇది గట్ల గాదు.

మీ ఇంట్ల దస్తీ, అదే కర్చీఫ్, ఉంటె ఒక చెంబు బోర్లిచ్చి దాని మీద కప్పుండ్రి. నాలుగు దిక్కుల కిందికి గుంజుండ్రి. దారాలు సాగవు గద. సాగకుంటె గుండ్రంగ ఎట్ల ఒదుగుతది? గళ్లు వంకర తిరుగుతయి. నులక వదులైన మంచాన్ని మూల పట్టి తోస్తే చదరం గడి పతంగి ఆకారమైతది సూడు, గట్ల. వంగి వంగి, ఇంక వంగలేని కాడ ముడత పడ్తది. టోపికి ముడత పడ్డ కాడ బలముండదు. బాయిల పైకెల్లి రాయి పడితె ఆడనే పగులుతది.

నా పనేందంటె, రేకును కాల్చి నొక్కకముందే అది ఎట్ల వంగుతదో, ముడత ఏడ పడ్తదో, కంప్యూటర్ల లెక్క గట్టి చెప్పుడు. మీకు ఎరుకలేదు గని మీ అమ్మమ్మ పాలిటెక్నిక్ల మెకానికల్ పాఠాలు చెప్పింది. మీ అమ్మ డిగ్రీకి పోయినంక నేను పీహెచ్‌డీల చేరిన. ఆ వయసుల ఇదేం పిచ్చి అని మా ఇంటోళ్లు, ఈ వయసోళ్లకు బుర్రకెక్కదని నేను చేరిన పెద్ద కాలేజోళ్లు.

నా గైడు సారు సముద్రం దిక్కు మనిషి. ఆ దిక్కుకెల్లి వచ్చిన నా దోస్తులు మంచోళ్లున్నరు, అందర్ని ఒక్క గాటన కట్ట. ఈయన మాత్రం ఈయనే. తెలివి మస్తు. ఆ తెలివి నా మీద పారేసేటప్పుడు రాయి లెక్క ఉండేది.

మా ఇద్దరి నడుమ పంచాది ఒక్కటే. టోపికి రెండు రేకులు ఒకదాని మీద ఒకటి పెట్టి నొక్కాలె. కాలినంక రెండిటి నడుమ కరిగిన ప్లాస్టిక్ ఉంటది. సారు లెక్కల ఆ రెండు రేకులు అతుక్కోని ఒక్కటే శరీరం లెక్క వంగుతయి, నాలుగు మూలలకు నాలుగు ముడతలు పడ్తయి. నా లెక్కల ఆ రెండు ఒకదాని మీద ఒకటి జారుతయి. తొందరగ నొక్కితె మొరాయిస్తయి, నిదానంగ నొక్కితె జారుతయి. జారితె ముడత పడదు.

ఒకనాడు అందరు స్కాలర్ల ముంగట నన్ను నిలవెట్టిండు.

"చెప్పండి మేడం. ఆ పొరలు ఏం చేస్తాయి?"

"జారుతయి సార్. నిదానంగ నొక్కితె రెండు మంచిగ జారుతయి. గట్ల జారుడు లెక్కల వెయ్యకపోతె..."

"గట్ల జారుడు!" అన్నడు. అందరి దిక్కు చూసిండు. "ఇది సిద్ధాంతమా అండీ, సినిమాలో కామెడీ ట్రాకా?"

నవ్విండ్రు. ముందు బెంచీల కూసున్న హన్మకొండ పిల్ల గూడ నవ్వింది. అదే నాకు ఎక్కువ మండింది.

నేను చాక్‌పీసు కింద పెట్టి మెల్లగ అన్న, "సార్, నా మాటకు యాస ఉన్నది గని ముడతకు లేదు. పడితె పడ్తది, లేకుంటె లేదు. నొక్కి చూద్దాం."

"నొక్కించండి. నాలుగు మూలలా ముడత వచ్చిందనుకోండి, ఈ అధ్యాయం తీసెయ్యాలి. అది తీసేస్తే మీ దగ్గర మిగిలేది శూన్యం. శూన్యం మీద నేను సంతకం పెట్టను. మీ గడువూ దగ్గర పడింది, గుర్తుందిగా."

గుర్తులేకేం బిడ్డా. నేను అన్ని ఏండ్లు కట్టిన లెక్క నిజమా, ఉత్తదా? ఒక్క టోపి మీదికి వచ్చి ఆగింది.

ఆ రేకులు మన దిక్కు దొరకయి. ఎక్కన్నో తయారు చేసేటోళ్లను బతిమాలుకుంటె రెండు పంపిండ్రు. రెండే. అవి రైల్ల వస్తుంటె రైల్ రోకో అయింది, డోర్నకల్ జంక్షన్ల దించి పడేసిండ్రు. నేను మానుకోట పోయిన, అదే ఇప్పుడు మీరు మహబూబాబాద్ అంటరు, మా అవ్వగారి ఊరు. ఆడికెల్లి ఆటోల డోర్నకల్ పోయి, పార్సిల్ రూముల ఇంత దుమ్ములకెల్లి గుంజుకోని నెత్తి మీద పెట్టుకోని వచ్చిన. పెద్ద పళ్లెం చదరంగ ఉంటె ఎట్లుంటదో గట్లున్నయి. తెల్లగ, నున్నగ. సూస్తె ఎవరికైన అన్నం వడ్డించబుద్ధి అయితది. అప్పుడు నాకు ఆ మాట తోచలేదు.

గసుంటి రేకు నొక్కే మిషిను మాకు అందుబాటుల ఒక్క భూపాలపల్లిలనే ఉండె. మీ తాత అక్క, అంటె మా వదిన, ఆడనే ఉంటది. ఆమె పెనిమిటిని నేను అన్నా అంటుంటి. బాయిల దిగుడు మానినంక ఒక చిన్న షెడ్డుల బాయి మిషిన్లకు మూతలు, డబ్బలు నొక్కేటోడు అన్న. మిషిను, దాని తాళం, అన్ని ఆయన చేతులనే. నాకు నొక్కిస్తనని ముందే మాట ఇచ్చిండు. అటు పోయే జీపుల రేకులు గోనె సుట్టి వదిన ఇంటికి పంపి ఫోన్ చేసిన.

"వదినా, గోడకు ఆనిచ్చి పెట్టు. ఎవ్వరు ముట్టద్దు."

"నీ రేకులకు నన్ను కావలి కుక్కను చేసినవా?" అన్నది.

గంతల్నే తెలంగాణ రాష్ట్రం గావాలని అందరి సమ్మె మొదలైంది. మీకు ఎట్ల చెప్పాలె అది. బస్సు నడువది, బడి తెరువది, ఆఫీసుకు తాళం, బాయి బందు. బొగ్గు లేక కరెంటు గూడ పోవుడే. రోడ్ల మీదనే పొయ్యిలు పెట్టి వండుకోని ఆడనే తినుడు, దాన్ని వంటా వార్పు అంటుంటిమి. నేను గూడ సమ్మెలనే ఉన్న బిడ్డా. జనగామ చౌరస్తల టెంటు కింద కూసున్న, పోలీసోళ్ల ముంగట నిలవడ్డ. నాకు రాష్ట్రం వద్దని ఎవరన్న అంటె ఇప్పటికి ఊకోను. అయితె నాకు ఆ టోపి గూడ గావాలె. రెండు గావాలె అనుడు ఆ దినాలల్ల నేరం.

మీ తాతకు చెప్పిన, భూపాలపల్లి పోతనని. ఆయన బడిపంతులు, టెంటు కాడ లెక్చర్లు ఇచ్చేటోడు.

"సిగ్గు లేదా నీకు? ఊరు ఊరంత పని బందు పెడితె నువ్వు మిషిను నడిపిస్తనంటవా? అదిన్నీ ఆ సారుతోని?"

"నా లెక్క సారుది గాదు, నాది."

"నీ లెక్క ఆగితె కొంపలు మునుగయి."

"నీకు మునుగయి," అన్న. ఆ మాట తర్వాత మేం ఒకే ఇంట్ల వేరు వేరు తిన్నం కొన్ని దినాలు.

సారు తన కండ్లతోని చూస్తెనే నమ్ముతనన్నడు. ఆయన కార్లనే పోయినం. పరకాల దాటినంక రోడ్డుకు అడ్డం మొద్దులు, రాళ్లు, నడుమ టైర్లు కాలుతున్నయి. పోరగాండ్లు కారును సుట్టుకున్నరు.

"యాడికి?"

"భూపాలపల్లికి బిడ్డా. మా వదినోళ్ల ఇంటికి."

"ఆయనెవరు?"

"మా సారు."

"ఆయనకు నోరు లేదా? ఆయన్ని చెప్పుమను."

సారు స్టీరింగు పట్టుకోని నా దిక్కు చూసిండు. రెండు మాటలు మాట్లాడితె చాలు, ఏ దిక్కు మనిషో తెల్సిపోతది. తెల్సినంక ఆ టైర్ల కాడ ఏమయితదో నాకు చెప్పరాదు.

"గొంతు పట్టుకున్నది బిడ్డా ఆయనకు. మాట రాదు," అన్న.

"జై తెలంగాణ అనుటానికి గొంతెందుకు? చెయ్యి లేపుమను."

సారు చెయ్యి లేపిండు. మొద్దు పక్కకు జరిపిండ్రు.

జర దూరం పోయినంక ఆయన అన్నడు, "నేను మాట్లాడగలనండీ. అబద్ధం చెప్పక్కర్లేదు."

"తెలుసు సార్. మాట్లాడితె ఆళ్లకు కామెడీ ట్రాక్ అయితుండె."

ఆయన రేడియో పెట్టిండు. అందుల వార్తలు. బందు చేసిండు. గట్లనే భూపాలపల్లి చేరినం.

వదిన మంచినీళ్లిచ్చింది, చాయ ఇయ్యలేదు. అన్న అరుగు మీద కూసోని ఉన్నడు, మెడల కండువ. నా దిక్కు చూడలేదు.

"అన్నా, మాటిచ్చినవు. ఒక్కపారి నొక్కు."

"సమ్మెకు ముందు ఇచ్చిన మాట అది, చెల్లె. బాయి బందు, బడి బందు. నా షెడ్డు ఒక్కటి నడిస్తె రేపు నేను ఆ టెంట్ల ఏ మొఖం పెట్టుకోని కూసుంట?"

"నా గడువు అయిపోతది."

"మా గడువులు ఎన్నడో అయిపోయినయి."

వదిన తలుపు కాడికెల్లి అందుకున్నది. "పిల్లల బడులు బందు పెట్టి రోడ్డు మీద ఎండుతున్నం. ఈమెకేమో టోపి గావాలెనట."

"ఆ టోపి మీ బాయిలోళ్లకే వదినా."

"మా నెత్తులకెందుకు నీ టోపి? ఇప్పుడు నెత్తులు పగిలేది బాయిల గాదు, రోడ్డు మీద. లాఠీకి ఆగుతదా నీ టోపి? ఆగితె చెయ్యి, అందరం పెట్టుకుంటం."

ఇదంత సారు గడప బయట నిలవడి వింటున్నడు. ఆయనను ఎవరు కూసోమనలేదు. ఆయనే అన్నడు, "వదిలెయ్యండి మేడం. పరీక్ష చెయ్యకపోయినా ఫలితం నాకు తెలుసు. ముడత పడుతుంది. వెళదాం."

అన్న అప్పుడు తలెత్తిండు. "ఏమంటుండు ఈయన?"

చెప్పిన. నా లెక్క తప్పని అంటుండు, రేకు నొక్కితె ముడత పడ్తదంటుండు, పడితె నా సదువు ఈడికే ఆగుతదని. అంతే చెప్పిన, ఎక్కువ కల్పించలేదు.

అన్న లేచిండు. "తాళం చెవి తే," అన్నడు వదినతోని.

"నీకు మతి ఉన్నదా?" అన్నది వదిన.

"తే అన్న." నా దిక్కు తిరిగిండు. "నువ్వు అడిగినవని గాదు. నన్ను అన్నా అని పిలిచిన మనిషి ఈయన ముంగట ఓడిపోయి వాపసు పోవద్దు, అందుకు. దీని తర్వాత నీకు నాకు మాట లేదు."

గోనె సంచి అట్లనే భుజాన వేసుకోని షెడ్డుకు నడిచిండు. ఆ రేకులు నేను డోర్నకల్ల చూసుడే, మల్ల విప్పి చూడలేదు.

షెడ్డుల పద్ధతి ఒకటి ఉండె. కాల్చేముందు రేకును స్పిరిటుల ముంచిన తెల్లగుడ్డతోని రెండు దిక్కుల తుడువాలె. దుమ్ము, జిడ్డు ఉండద్దు. జిడ్డుంటె రేకు అచ్చు మీద జారుతది, జారితె మనం నొక్కింది ఏందో, అయింది ఏందో తెల్వది. నేను ముందే ఫోన్ల చెప్పిన, అన్న "నాకు చెప్తవా?" అన్నడు. తుడుసుడు, కాల్చుడు రెండు ఒక ఇనుప రేకుల అడ్డం వెనక చేస్తడు. పొయ్యి కాడికి ఎవ్వరిని రానియ్యడు.

జనరేటరు మోగింది. ఆ మోత ఊరంత వినవడి ఉంటది. నేను అచ్చు వేడి చూసుకుంటున్న, గంతల్నే గేటు కాడ లొల్లి. సారు పోయి గేటు లోపట ఆపిన కార్ల కూసోని అద్దాలు ఎక్కిచ్చుకున్నడు. అన్న అడ్డం వెనక ఉన్నడు. నేనే పోయిన గేటుకు.

"ఎవడు నడిపిస్తుండు లోపల?"

"నేను నడిపిస్తున్న."

"నువ్వెవరమ్మా?"

"జనగామ పాలిటెక్నిక్ల పాఠాలు చెప్త. నేను గూడ సమ్మెలనే ఉన్న."

"సమ్మెల ఉండి సమ్మె తెంపుతున్నవా? పంతులమ్మవు గదా, దీన్ని ఏమంటరో చెప్పు మాకు."

"ఒక్క టోపి. అయిపోంగనే బందు పెడ్తం."

"టోపి ఎవరికి పెడ్తవు, మాకా?" అని ఒకడు నవ్విండు. ఇంకొకడు గేటును తన్నిండు. ఇనుప గేటు నా మోచేతికి తగిలింది. నేను జరగలేదు. ఆళ్లు అరుస్తున్నరు, నేను అవే మాటలు మెల్లగ చెప్పుకుంట నిలవడ్డ. రోడ్డు మీద టైర్ల పొగ షెడ్డు నిండ కమ్మి ఉన్నది, వేరే వాసన ఏది తెల్వకుండ. గింతల లోపల్నించి అన్న కేకేసిండు, "వచ్చి చూస్తరా లేదా?"

నేను, సారు ఉరికినం. కాలిన రేకులు అచ్చు మీద వాలి ఉన్నయి. నేను చెప్పిన తీర్గ నిదానంగ మిషిను దిగింది. సల్లారేదాంక ఆగినం. బయట లొల్లి పెరుగుతనే ఉన్నది. అచ్చు లేచింది.

నున్నగున్నది బిడ్డా. నాలుగు మూలల ఒక్క ముడత లేదు.

సారు వేలితోని నాలుగు దిక్కుల తడిమిండు. మల్ల తడిమిండు. "మీరు చెప్పినట్టే వచ్చింది," అన్నడు, చేదు మందు మింగినట్టు. అన్న జనరేటరు ఆపిండు. టోపిని నా చేతుల పెట్టలేదు, బల్ల మీద పెట్టి చేతులు కడుక్కోను పోయిండు. లోపలి దిక్కు జర పసుపుపచ్చగ ఉంటె, ప్లాస్టిక్ ఎక్కువ కాలి రంగు మారిందనుకున్న.

సారు సంతకం పెట్టిండు. నా పేరు ముందట డాక్టర్ అని పడ్డది. భూపాలపల్లిల ఆ షెడ్డు గేటు మీద బొగ్గుతోని ద్రోహి అని పడ్డది. అన్నను టెంట్ల కూసోనియ్యలేదు. సమ్మె అయిపోయేదాంక ఆయన దినాం టెంటుకు ఎదురుంగ, రోడ్డుకు ఇవతల, ఎండల ఒక్కడే కూసున్నడని తెల్సింది. ఇంటికి పోయి పండుకోవచ్చు గద, పోలేదట. నేను ఫోన్ చేస్తె ఎత్తలేదు. అడిగినందుకు నేను తప్పు చేసిన్నని మాత్రం ఇప్పటికి అనుకోను. నన్ను అట్ల అనుకునేటట్టు చెయ్యాలని మస్తుమంది చూసిండ్రు.

ఇగ మరక సంగతి. రాష్ట్రం ఇంకా రాలేదు. మానుకోటల మా దగ్గరోళ్ల పిల్ల పెండ్లి అయింది. బంతిల నా పక్కన వదిన కూసున్నది. పులిహోర వడ్డించిండ్రు. వదిన చెయ్యి చూసుకోని నవ్వింది.

"మీ డాక్టరమ్మ రేకుల మీద పులిహోర కలిపినందుకు నా చేతులు ఎన్ని దినాలు దురద పెట్టినయో!" అని అవతలామెతోని అన్నది, నాకు వినవడేటట్టు.

నేను ముద్ద వాపసు ఆకుల పెట్టిన. "ఏ రేకుల మీద?"

"ఏ రేకులేంది? నువ్వు గోడకు ఆనిచ్చి పెట్టుమన్నయి. మీరు వచ్చిన దానికి ముందటి దినమే మా గల్లీది వంటా వార్పు. అంత అన్నం కలపను జాగ లేదు. తెల్లగ, నున్నగ, చదరంగ, ఇంత పెద్దగున్నయి. అన్నం కుప్ప పోసి, నూనె పోపు పోసి, పసుపు, చింతపండు వేసి ఆడోళ్లందరం కలిపినం. ఊరంత తిన్నది."

"అవి గాజు రేకులు వదినా! అంచులకు గాజు నూలు ఉంటది!"

"దురద పెట్టినంక తెల్సింది. నీ సదువు గూడ గసుంటిదే, ముట్టుకున్నోళ్లకు దురద."

"కడిగినవా?"

"నీళ్లతోని కడిగి మల్ల గోడకే పెట్టినం."

"సబ్బు పెట్టినవా?"

"సబ్బు మీ అయ్య పంపిండా?"

చుట్టు నవ్విండ్రు. నేను చెయ్యి కడిగిన.

మీకు సమజ్ అయిందా బిడ్డా? ఉత్త నీళ్లకు నూనె పోదు. ఆ జిడ్డు రేకుల మీద, రెండు రేకుల నడుమ ఉన్నదనుకోండ్రి. అప్పుడు జారింది నా లెక్క తోని గాదు, పోపు నూనె తోని. జనగామ వచ్చి కంప్యూటర్ల మల్ల పెట్టిన. జిడ్డు ఉన్నట్టు వేస్తె సారు లెక్కల గూడ ముడత పడలేదు. జిడ్డు లేనట్టు వేస్తెనే మేం ఇద్దరం వేరు. అంటె ఆ టోపి నున్నగ వచ్చుడు నేను గెలిచిన్నని చెప్పదు, ఓడిన్నని గూడ చెప్పదు.

స్పిరిటుతోని తుడిస్తె మాత్రం జిడ్డు పోతది. తుడిస్తె నా లెక్క నిలుస్తది. మరక చూసి చెప్పరాదా అని మీరు అడుగుతరు. చెప్పరాదు. స్పిరిటు నూనెను తీస్తది గని, ప్లాస్టిక్‌కు పట్టిన పసుపు తుడిచినా ఉంటది, తుడవకున్నా ఉంటది. అల్మారల అది గట్లనే ఉన్నది, నన్ను వెక్కిరిచ్చుకుంట.

సారుకు పోయి చెప్పిన. దాచిపెట్టలేదు. ఆయన కాయితాల మీదికెల్లి తల ఎత్తలేదు. "నేను సంతకం పెట్టాను. ముగిసింది. మళ్ళీ తవ్వితే మీకూ బాగోదు, నాకూ బాగోదు," అన్నడు.

మల్ల నొక్కి చూద్దామంటె గా తీరు నేత రేకులు చేసుడు ఆపేసిండ్రు. షెడ్డు మూతపడ్డది, మిషిను ముక్కలు చేసి పాత ఇనుపోనికి అమ్మిండ్రు. ఇగ ఎరుకున్నది ఒక్క అన్నకు.

రాష్ట్రం వచ్చిన దినాన భూపాలపల్లి పోయిన. బజార్ల డప్పులు, రంగులు. ఆనాడు గేటు తన్నినోళ్లే అన్నకు గూడ మొఖం నిండ రంగు పూసిండ్రు. ఆయన తుడుచుకోలేదు. నేను పక్కకు పోయి అడిగిన.

"అన్నా, ఆనాడు రేకులు తుడిచినవా?"

"రాష్ట్రం వచ్చిందా?" అన్నడు. అన్ని ఏండ్ల తర్వాత నాతోని మాట్లాడిన మాట అది.

"వచ్చింది."

"మరి ఇంకేం గావాలె నీకు?" అని డప్పుల దిక్కు పోయిండు.

ఆఖరుకు అన్నను దవాఖానల చూసిన. బొగ్గు దుమ్ము ఊపిరితిత్తులల్ల చేరింది. మంచం పక్కన వదిన. నేను టోపిని చీరె కొంగుల పట్టుకపోయిన, చూసినంకనైన మాట్లాడుతడని.

"చచ్చేటోని కాడికి గూడ గిన్నె పట్టుకోని వచ్చింది చూడు," అన్నది వదిన. నేను ఆమెను పట్టిచ్చుకోలేదు.

టోపిని ఆయన చేతుల పెట్టిన. తిప్పి తిప్పి చూసిండు. పనోని చెయ్యి గద, వేలు సీదా నాలుగు మూలలకే పోయింది. మరక మీద ఆగింది. ఆయన నవ్విండో, దగ్గు వచ్చిందో నాకు తెల్వలేదు. టోపిని నాకు వాపసు ఇచ్చి గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. మల్ల తిరుగలేదు. నెలలోపటనే పోయిండు.

ఆయన కోపంల తుడుసుడు మరిచిండా? అంత మంది తిట్టంగ గూడ తన పద్ధతి ఇడువకుండ తుడిచిండా? లేకపోతె సారు ముంగట నేను గెలువాలని, జిడ్డు చూసి, తెల్సే అట్ల ఇడిచిపెట్టిండా? మొదటిదైతె నాకు కోపం. రెండోదైతె నా లెక్క నిజం. మూడోదైతె, బిడ్డా, నాకు సాయం చేస్తననుకోని ఆయన నా నుంచి గుంజుకున్నది ఏందో ఆయనకే తెల్వది.

మీ తమ్ముడు మరక గురించి అడిగిండు గద. నేను ఇప్పటికి ఆ టోపిని చేతుల పట్టుకున్నప్పుడల్ల మెల్లగ అదే అడుగుత.

అన్నా, తుడిచినవా?